హ దాకా రాని గొంతు

ఇది మొదలైంది పోయిన ఆశ్వయుజ బహుళ తదియ, గురువారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు. నేను పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాను. పొద్దున్నే రాయపూర్ ఆసుపత్రికి వెళ్లిన పక్కింటి అప్ప, ఆమె కోడలు గేటు ముందు ఆటో దిగారు. అప్ప తన ఇంట్లోకి పోలేదు. నా గుమ్మం మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి, రెండూ పక్కపక్కన సర్దింది. డాక్టరు అన్నది కోడలు గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. గొంతులో గడ్డ పెరిగిపోయింది, ఇక మందులకు లొంగదు. మాట పుట్టే చోటునే తీసేసి, ఊపిరి ఆడడానికి మెడ ముందు చిన్న రంధ్రం పెడతారు. తీయకపోతే మనిషి దక్కదు. కార్తీక పౌర్ణమి మర్నాటికి రోజు ఇచ్చారు.

నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. అప్ప నా వేళ్ల వంకే చూస్తోంది.

"ఎన్ని?" అంది. అప్పటికే ఆమె గొంతు ఎండాకు తొక్కినట్టు ఉంది.

"ఇరవై ఎనిమిది రోజులు."

"అచ్చరాలు పదమూడు" అంది అప్ప. "సరిపోతాది."

ఆమె నా సొంత అక్క కాదు. మా ఉత్తరాంధ్ర వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి పెళ్లయి ఈ ఊరు వచ్చిన మొదటి వారం నుంచి అలాగే పిలిచాను. అప్పుడు రైల్వే క్వార్టర్లలో పక్కపక్క గోడలు మావి. రిటైరయ్యాక బిలాస్‌పూర్ శివార్లలోని తిఫ్రాలో పక్కపక్క స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నాం. ఇద్దరి మగవాళ్లూ కాలం చేశారు. అప్ప కొడుకు గూడ్సు బండి గార్డు, ఇంట్లో కంటే లైను మీదే ఎక్కువ ఉంటాడు. అందుకని ఆ ఇంట్లో మాట్లాడుకునేది అత్తాకోడళ్లే.

ఆ పదమూడు అక్షరాల సంగతి చెప్పాలి.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి మా వాళ్లు రైలు పనుల కోసం బిలాస్‌పూర్ వచ్చి మూడు తరాలు దాటింది. వచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఒకరు వెంట ఒక పాట తెచ్చారు. ఎవరు కట్టారో తెలియదు. మేం దాన్ని అక్షరమాల అంటాం. అ నుంచి క్ష దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో చరణం, చరణానికి నాలుగు పాదాలు, నాలుగూ ఆ అక్షరంతోనే ఎత్తుకోవాలి. మాట మొదట్లో రాని అక్షరాలను కట్టినవాళ్లే వదిలేశారు. మొత్తం నలభై అయిదు చరణాలు. ఏడాదికి ఒక్కసారి, ముక్కోటి ఏకాదశి పొద్దున, రైల్వే కాలనీ గుడి పక్క హాల్లో ఆడవాళ్లం కూర్చుని పాడతాం.

ఒక్కో అక్షరం ఒక్కో ఇంటిది. అత్త నుంచి కోడలికి దిగుతుంది. ఒక ఇంటి అక్షరాన్ని మరో ఇంటి మనిషి పాడదు. ఆ ఇంటి మనిషి రాలేకపోతే, ఆ చరణం పట్టేంత సేపూ ఉత్త తాళాలు మోగుతాయి. అందరూ తలలు వంచుకుని కూర్చుంటారు. తాళం పూర్తయ్యాక తర్వాతి అక్షరం మనిషి అందుకుంటుంది. ఊరు వదిలి పోయే ఇల్లు తన అక్షరాన్ని ఇక్కడే ఉండే ఇంకో ఇంటికి అప్పగించి పోతుంది. దానికో పద్ధతి ఉంది. దీపం ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఇచ్చే మనిషి పాడుతుంది, పుచ్చుకునే మనిషి తిరిగి పాడుతుంది. ఒక్క మాట తప్పకుండా మూడుసార్లు పాడితే, ఇచ్చిన మనిషి ఆమె గొంతుకు పసుపు రాస్తుంది. ఇక ఆ అక్షరం ఆమెది. కాగితం మీద పెట్టడం లేదు. చూసి పాడితే అది పాట కాదు, చదవడం అనేవారు పెద్దవాళ్లు.

నేను కాపురానికి వచ్చిన ఏడాది నలభై అయిదూ పలికాయి. హాల్లో చోటు చాలక వరండాలో కూడా జంపఖానాలు పరిచారు. ఉత్త తాళం ఒక్కసారి కూడా మోగలేదు. అప్పుడు నాకు ఇరవై ఒకటి, ఇప్పుడు డెబ్భై నాలుగు. మొట్టమొదట ఆగింది ఝ. ఆ ఇంటి అత్తగారు పోయే నాటికి కొడుక్కి పెళ్లి కాలేదు. తర్వాత ఒకే ఏడాది ఐ, ఔ రెండూ పోయాయి. ఒక ఇంటి కోడలు తనకు రాదని చెప్పేసింది, ఇంకో ఇంటివాళ్లు బదిలీ మీద ఎవరికీ అప్పగించకుండా వెళ్లిపోయారు. జీతాల బిల్లుల సెక్షన్లో ముప్పై మూడేళ్లు చేసినదాన్ని, కూడిక సరిచూడకుండా ఉండలేను. పోయిన ఏడాది ముక్కోటికి పందొమ్మిది అక్షరాలకు ఉత్త తాళాలే మోగాయి. మిగిలిన ఇరవై ఆరులో అప్పవి పదమూడు, నావి ఆరు, ఇంకో అయిదుగురివి కలిపి ఏడు.

అప్ప దగ్గరివి అ, ఈ, ఊ, ఓ, క, ఘ, జ, ఠ, ద, ప, ర, శ, హ. ఇందులో పన్నెండు ఊరు వదిలిన ఇళ్లు అప్పగించి పోయినవి. ఆమె మాట నమ్మదగినదని ఎవరు వెళ్తున్నా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె సొంత ఇంటిది ఒక్క హ. అత్తగారు ఇచ్చింది. ఆ అత్తగారికి ఆమె అత్తగారు, సముద్రం ఒడ్డున ఏదో ఊళ్లో, ఇచ్చిందట.

అప్పకు చదువు రాదు. పదమూడు అక్షరాలు ఆమె చేతిలో ఉన్నాయి, రాసి చూపిస్తే ఒక్కదాన్నీ పోల్చుకోలేదు. అక్షరాల వరస మాత్రం నాకంటే వేగంగా చెప్పేది. అదంతా పాట వరసే. ఒక చరణం చివరి మాట నోట్లోంచి వెళ్తుంటే తర్వాతి చరణం మొదటి మాట దానంతటదే వస్తుందనేది. మధ్యలో ఎక్కడైనా అందుకోమంటే అందుకోలేకపోయేది. మళ్లీ అ దగ్గరికి పోయి, ఇంకొకరి చరణాలను పెదవుల మీద దాటుకుంటూ, తన చోటికి వచ్చేది. మేం నవ్వేవాళ్లం. మెయిల్ బండి కాదు, ప్రతి స్టేషన్లోనూ ఆగే పాసింజరు అనేదాన్ని నేను.

నా ఇంటి అక్షరం క్ష. హ అవగానే నాది. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

కోడలు బిలాస్‌పూర్‌లోనే పుట్టింది. ఒక హిందీ బడిలో మూడో తరగతికి చెబుతుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. పెళ్లయి పదకొండేళ్లయింది. హ నేర్చుకోమని అప్ప ఏటా అనేది, సెలవుల్లో చూద్దామని కోడలు ఏటా అనేది. తిట్టుకోలేదు, పంతం పట్టలేదు. ఇద్దరికీ బోలెడంత కాలం ఉందనిపించింది, అంతే.

మర్నాడు సాయంత్రం అయిదున్నరకు దీపం వెలిగించి కూర్చున్నాం. తాళాలు నా చేతిలో. తప్పు పట్టే పని కూడా నాకే అప్పజెప్పింది అప్ప. కోడలు మొదట ఫోను తీసి దీపం పక్కన పెట్టింది. అంతా రికార్డు చేసుకుంటే నిదానంగా వింటూ నేర్చుకోవచ్చని ఆమె ఆలోచన. అప్ప ఆ ఫోనును బోర్లా తిప్పింది.

"ఫోనుకి కోడలుంటాదేటి? దానికి సెప్తే అది ఎవులికి అప్పజెప్తాది?"

కోడలు నవ్వి ఫోను సంచిలో పడేసింది. తర్వాత ఇంకో మాట అంది. నేను ఆ రోజు అంతగా పట్టించుకోని మాట.

"అచ్ఛా అత్తయ్యా, ముందు మనది నేర్పించండి. హ. బాకీవి బాద్‌మే, తర్వాత చూద్దాం, టైము ఉంటే."

"ఊరోళ్లవి పెట్టుకొని ముందు నాది సూసుకుంటానేటి?" అంది అప్ప. "అయినా అ కాడ్నించి రాకుండా హ ఎలగొస్తాది? నడుసుకుంటా పోతేనే గదా ఇల్లొచ్చీది."

నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. అప్పగించినవి ముందు, సొంతం తర్వాత. అ ముందు, హ తర్వాత. ఆ పాట వరస ఎవరైనా తప్పించగా మేం చూడలేదు. పదమూడింటికి ఇరవై ఎనిమిది రోజులు, రెండేసి రోజులకు ఒకటి వేసుకున్నా రెండు రోజులు మిగులుతాయని నేనే చెప్పాను. కూడిక తప్పు కాదు.

అ రెండు రోజుల్లో వచ్చింది. "అడుగడుగున తోడు నడిచి అలసట దించేటి సామి" అని ఎత్తుకుంటుంది. కోడలి గొంతు మంచిది. బళ్లో పిల్లల చేత పాడించే గొంతు కావడంతో గట్టిగా వచ్చేది. తంటా మాటలతో. కోవెల అంటే ఏమిటి, ఈవి అంటే ఏమిటి అని ప్రతిచోటా ఆగేది. అర్థం తెలియని మాట నోట నిలవదని ఆమె అనేది. నోట నిలిచాక అర్థం అదే వస్తుందని అప్ప అనేది. అప్పకు కూడా కొన్ని మాటలకు అర్థం తెలియదని ఆ రోజుల్లోనే బయటపడింది. ఊ చరణంలో ఒక మాటకు ముగ్గురం తలో అర్థం చెప్పి, చివరికి వదిలేశాం.

దీపావళి నాటికి అ, ఈ, ఊ, ఓ నాలుగూ అయ్యాయి. ప్రతి ఒక్కదానికీ కోడలి గొంతుకు పసుపు. ఆమె దాన్ని కడుక్కోకుండానే మర్నాడు బడికి పోయేది, దుపట్టా కప్పుకుని.

నేను లెక్కలో వేయనిది ఒకటి ఉంది. రోజూ కొత్త అక్షరం చెప్పే ముందు అప్ప అ నుంచి నడిచి రావాలి. ఓ చెప్పడానికి పదకొండు చరణాలు దాటాలి. క చెప్పడానికి పద్నాలుగు. మనసులో దాటమంటే ఆమెకు దాటడం రాదు. గొంతులోనైనా, పెదవుల మీదైనా పలకాలి. అక్షరం ముందుకు పోయేకొద్దీ నడక పెరుగుతోంది, గొంతు తరుగుతోంది. నాగుల చవితికి క, ఘ అయ్యేసరికి ఆమె గొంతు తలుపు కిర్రుమన్నట్టు ఉంది. మధ్యమధ్య వేడినీళ్లు తాగేది. కాలనీలో ఉన్న రోజుల్లో పెరట్లో మా ఇద్దరి గోడ చాటున కూర్చుని అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోట్లో పెట్టుకుని, మా ఉత్తరాంధ్ర వైపు ఆడవాళ్లకు ఉన్న అలవాటే. డాక్టరు దాని గురించి అడిగాడట. "మానీసి పదేళ్లయింది, ఇప్పుడు గుర్తొచ్చిందేటి దానికి" అని నాతో అంది, గొంతు పట్టుకుని.

జ కు అయిదు రోజులు పట్టింది. మధ్యలో రెండు రోజులు అప్ప అసలు మాట్లాడలేకపోయింది. ఠ దగ్గర మళ్లీ ఆగాం. ఆ అక్షరంతో కట్టినవాళ్లకే మాటలు దొరకలేదనిపిస్తుంది. ఠీవి, ఠావు, ఠక్కున అంటూ ఎలాగో నాలుగు పాదాలు ఈడ్చారు. కోడలికి నవ్వు ఆగలేదు. అప్పకు కూడా నవ్వు వచ్చింది, దగ్గుగా మారింది. ఠ కు పసుపు రాసింది క్షీరాబ్ది ద్వాదశి నాడు. ఎనిమిది అయ్యాయి. అయిదు మిగిలాయి. రోజులు నాలుగు.

ఆ రాత్రే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. పరీక్షలు చేయాలి, రెండు రోజుల ముందే వచ్చి చేరమన్నారు. అంటే ఇంకొక్క సాయంత్రం.

అది కార్తీక సోమవారం. అప్ప కొడుకు లైను మీదనుంచి వచ్చి, సంచీ సర్ది, ముందుగదిలో పడుకున్నాడు. మేం ముగ్గురం దీపం ముందు కూర్చున్నాం. కోడలు ఈసారి అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, బాకీ నాలుగూ వదిలేయండి. సీధా హ చెప్పండి. ఒక్కసారి చాలు."

అప్ప నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని, నోరు తెరిచింది.

వచ్చింది అ. "అడుగడుగున తోడు నడిచి" అని వచ్చింది.

ఆగి, తల విదిలించి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అ. మూడోసారి నేను హ మొదటి పాదం అందించాను. "హద్దు లేని కొండ మీద హాయిగ కూసున్న తండ్రి." ఆమె నా నోటినుంచి అది అందుకుని పలికింది. రెండో పాదానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ముఖం చూస్తే పాదం లేక కాదు, తను ఎక్కడున్నదీ తెలియక అనిపించింది. చీకట్లో మెట్టు అనుకుని కాలు పెట్టిన మనిషి ముఖం అది.

"ఆగు" అంది. "నడిసి ఒస్తాను."

అ నుంచి బయలుదేరింది. గొంతు కాదు అది, గాలి మీద మాటల ముద్ర. నేను తాళం వేగం పెంచాను. కోడలు అత్త మోకాలు మీద చెయ్యి వేసి కూర్చుంది. అచ్చులు దాటింది. క, ఖ, గ, ఘ దాటింది. ఎప్పుడో ఆగిపోయిన ఝ ను కూడా, ఎవరూ పలకని దాన్ని, పెదవుల మీద దాటింది. ద మొదలుపెట్టింది. రెండో పాదం సగంలో దగ్గు వచ్చింది. నీళ్లు ఇచ్చాం. తర్వాత నోరు తెరిస్తే ఏమీ రాలేదు. పెదవులు మాత్రం ధ, న, ప అంటూ పోతూ ఉన్నాయి, మాకు వినపడకుండా, ఆగకుండా. పోయి పోయి ఒకచోట ఆగాయి. కళ్లు తెరిచి మమ్మల్ని చూసింది. హ పాడేశాననుకుంది. మా ముఖాలు చూశాక అర్థమైంది.

కోడలు తన కొంగుతో అత్త మూతి తుడిచింది. మర్నాడు పొద్దున్న బండికి వాళ్లు రాయపూర్ వెళ్లారు. ఆ సాయంత్రం తర్వాత అప్ప గొంతు ఎవరమూ వినలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మూడు వారాల తర్వాత ఇంటికి తెచ్చారు. మెడ ముందు గుడ్డ కట్టి ఉంది, దాని వెనక ఊపిరి సన్నగా చప్పుడు చేసేది. నన్ను చూసి నోరు కదిపింది. ఏమందో తెలియలేదు. చదువు రాని మనిషికి పలకా బలపమూ ఇచ్చి ఏం లాభం.

మిగిలిన అయిదింటికీ దారి వెతికింది కోడలే. బళ్లో చెప్పే మనిషి కదా. నేను నలభై యాభై ఏళ్లు అవే చరణాలు వింటూ వచ్చాను, ద, ప, ర, శ నా చెవిలో ఉన్నాయి. నేను పాడాలి, ఆమె తిరిగి పాడాలి, అత్తయ్య తప్పొప్పులు విని పసుపు రాయాలి. నోరు నాది, అప్పగించేది అప్ప. అప్ప ఒక రోజంతా ఆలోచించింది. తర్వాత దీపం తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది.

అలా ద వచ్చింది. ప, ర, శ వచ్చాయి. నేను రెండు చోట్ల మాట మార్చాను, రెండు చోట్లా అప్ప వేలెత్తి ఆపింది. ఏ మాటో నేను వెతికి పట్టుకునే దాకా ఊరుకోలేదు. నాలుగింటికీ పసుపు పడింది. ఊరు వదిలిన పన్నెండు ఇళ్ల అక్షరాలూ అప్ప ఎవరికీ బాకీ లేకుండా దింపుకుంది.

ఇక హ.

అన్ని ఏళ్లూ హ వస్తుంటే నేను నా క్ష ను లోలోపల ఒకసారి పాడుకునేదాన్ని. వెంటనే అందుకోవాలి, చివరి చరణం, తప్పు పోకూడదు. తాళం వినేదాన్ని, మాటలు వినలేదు. మిగతా ఆడవాళ్లకు అప్పటికి తమ అక్షరాలు అయిపోయి ఉండేవి. హారతి పళ్లెం, కర్పూరం, ప్రసాదం డొప్పలు చూసుకోవడానికి లేచేవారు. నలభై అయిదులో ఎవరూ సరిగ్గా వినని చరణం అదొక్కటే. మొదటి పాదం నాకు పూర్తిగా వచ్చు. రెండోది "హంస రెక్కల నీడలోన" దాకా వచ్చు. తర్వాత తాళం ఉంది, మాట లేదు.

కోడలు ఇంకా పాడుతున్న ఆ అయిదుగురినీ ఫోన్లో అడిగింది. కాలనీ వదిలిపోయిన ఇళ్లను అడిగింది. ఒకామె మూడేళ్ల కిందటి వీడియో పంపింది. ఆమె కూతురు తీసింది. అందులో హ ఉంది. అప్ప ఎరుపు అంచు చీరలో, కళ్లు మూసుకుని, మంచి గొంతుతో పాడుతోంది. "హంస రెక్కల నీడలోన" అనేసరికి ఎవరో స్టీలు పళ్లేల దొంతర నేల మీద పెట్టారు. తర్వాత గంట కొట్టి చూశారు, మోగుతుందో లేదో. ఆ గంట ఆగేటప్పటికి నేను క్ష ఎత్తుకున్నాను.

అప్ప ఎదుట కూర్చుని మాటలు చెప్పి చూశాను. హారతి, హాయి, హృదయం, హరి. ఆమె తల అడ్డంగా ఊపేది. తనే పెదవులతో మెల్లగా చెప్పేది, కోడలూ నేనూ కళ్లు పెట్టి చూసేవాళ్లం. హ అనే అక్షరానికి పెదవులు కలవవు, నాలుక కనపడదు. తెరిచిన నోరు తప్ప చూడడానికేమీ లేదు. తొమ్మిదో రోజు నేను ఇంకో మాట చెప్పబోతే అప్ప నా చెయ్యి తీసుకుని, వేళ్లన్నీ మూసి, నా ఒళ్లో పెట్టింది. మళ్లీ ఆ దీపం తేలేదు.

ముక్కోటి పుష్యంలో వచ్చింది, మంగళవారం. మంచు బాగా పడుతోంది. బొగ్గు బండ్ల చప్పుడు హాల్లోకి వినపడుతోంది. అయిదుగురు వచ్చారు, మేం ముగ్గురం. ఒకే జంపఖానా సరిపోయింది. అప్ప మెడ చుట్టూ మఫ్లరు చుట్టుకుని కోడలి పక్కన కూర్చుంది. అ ను కోడలు ఎత్తుకుంది. తప్పు లేకుండా పన్నెండూ పాడింది. చాలా ఏళ్లుగా విననంత బాగా పాడింది. ఒకామె కళ్లొత్తుకుని, నీ కోడలు గొప్పదే అని అప్పతో అంది. అప్ప తలూపింది.

స అయింది. హ వచ్చింది. తాళాలు నా చేతిలో. అందరూ తలలు వంచారు. ఎవరూ పళ్లేలకోసం లేవలేదు, ఆ ఒక్కసారీ.

నేను క్ష ను తలచుకోలేదు. విన్నాను. మఫ్లరు వెనకనుంచి అప్ప ఊపిరి వస్తోంది. మామూలు ఊపిరి కాదు, చరణం ఊపిరి. పాదం ఎత్తుకునే చోట పైకి పీల్చి, విరిచే చోట ఆగి, సాగదీసే చోట సాగి, నాలుగు పాదాలూ నా తాళానికి సరిగ్గా సరిపోయాయి. నోరు తెరిచే ఉంది. ఆ ఊపిరిలో చరణం మొత్తం ఉంది, మాట ఒక్కటీ లేదు. అయిపోయాక నేను క్ష ఎత్తుకోవాల్సిన చోట ఎత్తుకోలేకపోయాను. తాళం ఇంకో చుట్టు అదనంగా తిరిగింది. నా యాభై మూడేళ్లలో అలా జరగలేదు.

నాకు కోడలు లేదు. ఒక్క కూతురు, నాగ్‌పూర్‌లో మరాఠీ ఇంటి కోడలు. నా ఆరింటినీ తనకు ఇమ్మని అప్ప కోడలే ముక్కోటి మర్నాడు వచ్చి అడిగింది. సరేనన్నాను. దీపం వెలిగించి కూర్చున్నాం, అప్ప కూడా గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. నేను క్ష తో మొదలుపెట్టాను. చివరిది ముందు. రెండో పాదం పాడుతుండగా అప్ప కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా, తన ఇంటికి వెళ్లిపోయింది. మేం ఆపి, మళ్లీ క్ష తోనే మొదలుపెట్టాం.

లెక్క ఇది. చరణాలు నలభై అయిదు. ముందే పోయినవి పందొమ్మిది. ఈ ఏడాది పోయింది ఒకటి, హ. మొత్తం పోయినవి ఇరవై. ఉన్నవి ఇరవై అయిదు, అందులో కోడలివి పన్నెండు, ఆ అయిదుగురివి ఏడు, ఆమెకు అప్పగిస్తున్న నావి ఆరు. హ లో దొరికింది ఒకటిన్నర పాదం, దొరకనిది రెండున్నర పాదం. పోయిన గొంతు ఒకటి.